ఎల్‌ఎస్‌బీఎల్‌కే సమీక్ష: పేరు చెబుతుంది గానీ, అది ఏ డిస్కో మనమే అడగాలి

లినక్స్ కంప్యూటరుకు డిస్కు తగిలించాక, దాన్ని మౌంటు చేయబోయే ముందు (అంటే అందులోని ఫైళ్లు అందేలా ఒక డైరెక్టరీకి కలపబోయే ముందు) చాలామంది చేతులు వాటంతట అవే టైపు చేసే కమాండు ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk). ఆ ఐదు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, రూటు (సర్వాధికారాలున్న వాడుకరి) పాస్‌వర్డు అడగకుండా, క్షణం ఆలస్యం లేకుండా, యంత్రంలోని డిస్కులన్నీ వాటి కింద పార్టిషన్లు, అంటే డిస్కును విడదీసిన భాగాలు, కొమ్మల్లా అమరి తెర మీదకు వస్తాయి. యుటిల్-లినక్స్ అనే ప్యాకేజీలో భాగంగా 2011లో, 2.19 వెర్షనుతో వచ్చిన ఈ సాధనాన్ని మిలన్ బ్రోజ్, కరెల్ జాక్ రాశారు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, ఆర్చ్, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లలో ఏది ఎక్కించుకున్నా ఇది అందులో ఉండనే ఉంటుంది కాబట్టి విడిగా తెచ్చుకోవలసిన పని లేదు, రూపాయి ఖర్చు లేదు. దాదాపు పదేళ్లుగా వాడుతున్నాను, రోజుకు ఒక్కసారైనా ఈ కమాండు కొట్టని రోజు నాకు గుర్తు లేదు.

ఇలాంటి సాధనాన్ని వేగం మీదా, చూపు మీదా తూచడం తేలికే గానీ, ఈ సమీక్షలో నేను పెట్టుకున్న గీటురాయి ఒక్కటే. ఒక పార్టిషన్‌ను మౌంటు చేయబోతున్న మనిషి చేతికి తప్పు డిస్కు చిక్కకుండా ఇది కాపాడుతుందా, లేదా? ఈ ప్రశ్న నాకు ఎందుకు ముఖ్యమైందో ముందు చెప్పాలి.

మా తమ్ముడికి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. అక్కడి కంప్యూటరులో లినక్స్ పెట్టినదీ, రాత్రి పదకొండు గంటలకు ఆ రోజు పని అంతా యూఎస్‌బీ డాకులో (డిస్కును గుచ్చే బయటి పెట్టెలో) ఉన్న 2 టెరాబైట్ల డిస్కుకు నకలయ్యేలా చిన్న స్క్రిప్టు రాసినదీ నేనే. స్క్రిప్టులో మొదటి పంక్తి /డెవ్/ఎస్‌డీబీ1 ను బ్యాకప్ డైరెక్టరీ మీద మౌంటు చేస్తుంది, రెండో పంక్తి ఫైళ్లను నకలు చేసే ఆర్‌సింక్‌ను నడుపుతుంది. అసలు చోట లేని ఫైళ్లు నకలులోనూ ఉండకూడదు అనే ఉద్దేశంతో ఆర్‌సింక్‌కు డిలీట్ ఐచ్ఛికం కూడా ఇచ్చాను. ఏడాదికి పైగా అది ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఒక శ్రావణ మాసంలో తమ్ముడు నాలుగు అరల కార్డు రీడరు కొని తగిలించాడు. మర్నాడు సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, కంప్యూటరు మళ్లీ మొదలైంది. ఆ రాత్రి పదకొండుంపావుకు తమ్ముడు ఫోను చేసి, "అన్నయ్యా, కార్డు రీడరు దీపం ఆగకుండా మినుకుమంటోంది, నేనైతే ఏమీ కాపీ చేయడం లేదు" అన్నాడు.

వెంటనే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి ఏం కనిపిస్తోందో చదవమన్నాను. 931.5జీ పరిమాణంతో ఎస్‌డీఏ, దాని కింద రెండు పార్టిషన్లు, 59.5జీ పరిమాణంతో ఎస్‌డీబీ, దాని కింద ఎస్‌డీబీ1. ఆ తర్వాత సీ, డీ, ఈ ఏవీ లేకుండా నేరుగా 1.8టీ పరిమాణంతో ఎస్‌డీఎఫ్. 59.5జీ అంటే 64 గిగాబైట్ల మెమరీ కార్డు. బ్యాకప్ డైరెక్టరీ పేరు దాని ఎదురుగా ఉంది. డాకులోని డిస్కు తిరగడం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ లోపల కార్డు రీడరు తన నాలుగు అరలకు బీ, సీ, డీ, ఈ అనే నాలుగు అక్షరాలను తీసుకుంది. ఆలస్యంగా వచ్చిన డిస్కుకు ఎఫ్ మిగిలింది. నా స్క్రిప్టు మాత్రం ఎస్‌డీబీ1 ను మౌంటు చేసి, అందులో ఉన్న ముందు రోజు పెళ్లి ఫొటోలను అసలులో లేని ఫైళ్లుగా లెక్కించి చెరిపేసి, వాటి చోట స్టూడియో ఫైళ్లు నింపడం మొదలుపెట్టింది. ఆపించి, కార్డు తీయించి, మర్నాడు ఫొటోరెక్ అనే ఉచిత సాధనంతో చాలా వరకు తిరిగి రాబట్టగలిగాం గానీ, కార్డు మొదటి భాగంలో ఉన్న గౌరీపూజ ఫొటోలు కొన్ని శాశ్వతంగా పోయాయి. తప్పు రీడరుది కాదు, డాకుది కాదు. ఎస్‌డీబీ1 అనేదాన్ని ఒక డిస్కు పేరుగా నమ్మి స్క్రిప్టులో రాసిన నాది.

ఎస్‌డీబీ అనేది డిస్కు పేరు కాదు. ఆసుపత్రిలో ఓపీ చీటీ మీద ఉండే నంబరు లాంటిది. ఈ రోజు వరుసలో ఎవరు ముందు నిలబడ్డారో దాన్ని బట్టి ఆ నంబరు వస్తుంది, రేపు అదే మనిషికి వేరే నంబరు రావచ్చు. లినక్స్‌కు కేంద్ర భాగమైన కెర్నెల్ తనకు కనిపించిన క్రమంలో మొదటి డిస్కుకు ఎస్‌డీఏ, రెండోదానికి ఎస్‌డీబీ అని ఇస్తూ పోతుంది, జెడ్ దాటితే ఎస్‌డీఏఏ అని మళ్లీ మొదలుపెడుతుంది. ఈ వెతుకులాట ఒకదాని తర్వాత ఒకటిగా కాక చాలావరకు ఏకకాలంలో సాగుతుంది కాబట్టి, ఏమీ మార్చకుండా రెండుసార్లు బూట్ చేసినా అవే అక్షరాలు వస్తాయన్న హామీ లేదు. ఏడాది పాటు మారకపోవడం కూడా హామీ కాదని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఈ పేర్లను శాశ్వతమైనవిగా నమ్మే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మంచిది. పాత ఐడీఈ కేబుళ్లతో డిస్కులు తగిలించిన కాలంలో లినక్స్ పేర్లు నిజంగానే చోటును చెప్పేవి. మొదటి కేబులు మాస్టరు డిస్కు హెచ్‌డీఏ, అదే కేబులు స్లేవు హెచ్‌డీబీ, రెండో కేబులువి హెచ్‌డీసీ, హెచ్‌డీడీ. హెచ్‌డీబీ పీకేసినా హెచ్‌డీసీ పేరు మారేది కాదు, ఎందుకంటే ఆ పేరు వరుసను కాక కేబులు మీది స్థానాన్ని చూపేది. ఎస్‌డీ పేర్లు మొదట్లో స్కజీ అనే మరో తగిలింపు పద్ధతి డిస్కులకు మాత్రమే ఉండేవి. తర్వాత కొత్త తరం సాటా డిస్కులు అదే దారిన వచ్చాయి, 2007లో ఫెడోరా 7 వంటి పంపిణీలు పాత ఐడీఈ డిస్కులను కూడా ఎస్‌డీ పేర్లకు మార్చాయి, చివరికి 2021లో 5.14 కెర్నెల్ నుంచి పాత ఐడీఈ డ్రైవరునే తీసేశారు. పేరు రూపం దాదాపు అలాగే ఉండి, దాని అర్థం మాత్రం చోటు నుంచి వరుసకు మారిపోయింది. పాత పాఠాలు చదివి నేర్చుకున్నవారు, వారి దగ్గర నేర్చుకున్నవారు ఇప్పటికీ పాత అర్థంతోనే కొత్త పేర్లను చదువుతున్నారు.

ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఈ పేర్లను చూపించే తీరు విషయానికి వస్తే, చెట్టు బొమ్మ దాని అసలైన బలం. డిస్కు, దాని మీద పార్టిషన్, దాని మీద లక్స్ తాళం (గుప్తీకరణ), దాని లోపల ఎల్‌వీఎం (చోటును పంచిపెట్టే పొర), దాని లోపల ఫైల్‌సిస్టమ్ (ఫైళ్ల అమరిక) – ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలను ఇంత స్పష్టంగా చూపే మరో సాధనం నాకు దొరకలేదు. ఎస్ ఐచ్ఛికం ఇస్తే చెట్టును తలకిందులు చేసి, ఈ ఫైల్‌సిస్టమ్ చివరికి ఏ డిస్కు మీద ఆధారపడి ఉందో కింది నుంచి పైకి చూపిస్తుంది. రకరకాల పేర్ల నిర్మాణం కూడా ఈ చెట్టులో చూస్తేనే బాగా అర్థమవుతుంది. ఉదాహరణకు ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీకి వచ్చే ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 అనే పొడుగు పేరులో ఎన్‌వీఎంఈ0 కంట్రోలరును, ఎన్1 అందులోని నేమ్‌స్పేసును, పీ2 రెండో పార్టిషన్‌ను చెబుతాయి. డిస్కు పేరు అంకెతో ముగిస్తే పార్టిషన్ అంకెకు ముందు పీ వస్తుంది, అక్షరంతో ముగిస్తే రాదు. అందుకే రాస్ప్‌బెర్రీ పై లోని మెమరీ కార్డు పార్టిషన్లు ఎమ్ఎమ్‌సీబీఎల్‌కే0పీ1, ఎమ్ఎమ్‌సీబీఎల్‌కే0పీ2 అయ్యాయి, వర్చువల్ యంత్రంలోని డిస్కు పార్టిషన్ మాత్రం వీడీఏ1 గానే ఉండిపోయింది.

పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించిన డిస్కులో ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2, ఆ తర్వాత ఎస్‌డీఏ5 కనిపిస్తే మధ్యలో రెండు పోయాయని కంగారు పడనక్కర్లేదు. ఎంబీఆర్‌లో ప్రధాన పార్టిషన్లు నాలుగే కాబట్టి 1 నుంచి 4 వరకు అంకెలు వాటికి కేటాయించి, లాజికల్ పార్టిషన్లకు 5 నుంచి మొదలుపెడతారు. ఎస్‌డీఏ2 ఎదురుగా 1కే అనే వింత పరిమాణం కనిపించడానికీ కారణం ఇదే. అది ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, మిగతా పార్టిషన్లను ఇముడ్చుకున్న గంప మాత్రమే, దాన్ని మౌంటు చేయడం కుదరదు. 128 పార్టిషన్ల దాకా చోటుండే కొత్త పద్ధతి జీపీటీ పట్టికలో ఈ గందరగోళం లేదు.

ఇక్కడి దాకా మెచ్చుకోలే. నా ఫిర్యాదు మొదలయ్యేది, ఏ ఐచ్ఛికమూ ఇవ్వకుండా కొట్టినప్పుడు వచ్చే నిలువు వరుసల దగ్గర. పేరు, మేజర్-మైనర్ అంకెలు (పరికరానికి కెర్నెల్ ఇచ్చే అంకెల జంట), తీయగలిగేదా కాదా, పరిమాణం, చదవడానికి మాత్రమేనా, రకం, మౌంటు అయిన చోటు – ఇవీ అవి. మౌంటు చేయబోయే మనిషికి మేజర్-మైనర్ అంకెలతో పని ఏమిటి? ఎస్‌డీఏ 8:0 అనీ, ఒక్కో డిస్కుకు పదహారు మైనర్ అంకెలు కేటాయించారు కాబట్టి ఎస్‌డీబీ 8:16 అనీ తెలుసుకోవడం ఆసక్తికరమే గానీ, దానివల్ల ఆ డిస్కు ఎవరిదో తెలియదు. ఫైల్‌సిస్టమ్ ఏమిటి, దాని లేబుల్ ఏమిటి, డిస్కు మోడల్ ఏమిటి, సీరియల్ నంబరు ఎంత అనే నాలుగు ముఖ్యమైన సంగతులూ అడగనిదే కనిపించవు. గుర్తుపట్టడానికి మిగిలేది పరిమాణం ఒక్కటే. అది కూడా 1024 లెక్కన చూపుతుంది కాబట్టి డబ్బా మీద 1 టీబీ అని రాసిన డిస్కు 931.5జీ గా వస్తుంది, ఒకే పరిమాణం ఉన్న రెండు డిస్కులుంటే ఆ ఆధారమూ పోతుంది. ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నది కార్డుకూ డిస్కుకూ మధ్య పరిమాణంలో ఉన్న పెద్ద తేడా. రెండూ ఒకే రకం డిస్కులై ఉంటే ఫోనులో వినిపించిన ఆ పట్టిక నుంచి నాకు ఏమీ తెలిసేది కాదు.

మరో సంగతి కూడా చెప్పాలి. ఖాళీ అరల అక్షరాలైన సీ, డీ, ఈ ఆ పట్టికలో కనిపించలేదు కదా, కారణమేమంటే సున్నా పరిమాణం ఉన్న పరికరాలను ఇది మామూలుగా దాచిపెడుతుంది. 'ఏ' (-a) అనే ఐచ్ఛికం ఇస్తేనే చూపిస్తుంది. పట్టిక శుభ్రంగా ఉండాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. అయితే అక్షరాల మధ్య ఆ ఖాళీయే వరుస మారిందని చెప్పే ఏకైక గుర్తు. అలవాటు లేని కన్నుకు అది ఆనదు. అదే సమయంలో ఉబుంటులో స్నాప్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే లూప్ పరికరాలు (ఫైలునే డిస్కులా చూపేవి) మాత్రం పదుల సంఖ్యలో పట్టిక నిండా పరుచుకుని అసలు డిస్కులను తెర కిందకు తోసేస్తాయి. 'ఈ' (-e) అనే ఐచ్ఛికానికి లూప్ పరికరాల మేజర్ అంకె అయిన 7 జోడించి వాటిని తీసేయవచ్చు గానీ, అది తెలిసినవారు ఎందరు?

అడగడం తెలిస్తే మాత్రం ఈ సాధనం అద్భుతంగా జవాబిస్తుంది. ఎఫ్ ఐచ్ఛికం ఇస్తే ఫైల్‌సిస్టమ్ రకం, దాని లేబుల్, యూయూఐడీ (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య), మిగిలిన ఖాళీ, మౌంటు అయిన చోటు వరుసగా వస్తాయి. 'ఓ' (-o) అనే ఐచ్ఛికంతో మనకు కావలసిన నిలువు వరుసలనే కోరుకోవచ్చు. పేరు, పరిమాణం, తగిలించిన మార్గం, మోడల్, సీరియల్ – ఈ అయిదింటినీ నేను చిన్న మారుపేరుగా షెల్‌లో పెట్టుకున్నాను. మార్గం అనే నిలువు వరుసలో సాటా, యూఎస్‌బీ, ఎన్‌వీఎంఈ అని ఉంటుంది. లోపలి డిస్కునూ బయట తగిలించినదాన్నీ వేరు చేయడానికి అది ఒక్కటి చాలు. స్టూడియోలో ఆ రాత్రి ఈ అయిదు వరుసలు కనిపించి ఉంటే, ఎస్‌డీబీ ఎదురుగా కార్డు రీడరు పేరు స్పష్టంగా ఉండేది.

పేరును నమ్మకూడదు సరే, మరి దేన్ని నమ్మాలి? లినక్స్‌లో యుడెవ్ అనే వ్యవస్థ /డెవ్/డిస్క్ కింద అదే డిస్కుకు రకరకాల మారుపేర్లు తయారుచేసి పెడుతుంది. ఆ మారుపేర్లు ఒక్కోటి ఒక్కో సంగతిని పట్టుకుంటాయి. బై-పాత్ కింద ఉన్నవి డోరు నంబరు లాంటివి, ఏ పోర్టుకు తగిలించామో చెబుతాయి, అందులో ఏ డిస్కు ఉన్నా వాటికి పట్టదు. బై-ఐడీ కింద ఉన్నవి డిస్కు మోడల్, సీరియల్ నంబర్లతో కట్టినవి, ఏ పోర్టుకు మార్చినా డిస్కును వెంటాడతాయి. బై-యూయూఐడీ, బై-లేబుల్ అనేవి డిస్కును కాక దాని మీద రాసిన ఫైల్‌సిస్టమ్‌ను పట్టుకుంటాయి. బై-పార్ట్‌యూయూఐడీ పార్టిషన్ పట్టికలోని గుర్తును పట్టుకుంటుంది కాబట్టి, పార్టిషన్‌ను మళ్లీ ఫార్మాట్ చేసినా మారదు. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వ్యవస్థ ఉండే తన రూటు పార్టిషన్‌ను గుర్తించడానికి వాడేది ఇదే.

మౌంటు చేయడానికి నా సిఫారసు యూయూఐడీ, ఎందుకంటే మౌంటు అయ్యేది డిస్కు కాదు, ఫైల్‌సిస్టమ్. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ వంటి వాటిలో అది 128 బిట్ల పొడుగు సంఖ్య. ఫ్యాట్‌లో నాలుగు, నాలుగుగా గీతతో విడదీసిన ఎనిమిది అంకెల చిన్న గుర్తు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో పదహారు అంకెలు. ఉబుంటు ఎక్కించిన యంత్రంలో ఏది ఎక్కడ మౌంటు కావాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలు తెరిచి చూడండి. మౌంటు పంక్తులు సాధారణంగా యూయూఐడీతోనే ఉంటాయి, రూటు పంక్తికి పైన వ్యాఖ్యగా 'ఇన్‌స్టాల్ చేసే సమయంలో ఇది /డెవ్/ఎస్‌డీఏ2 మీద ఉండేది' అనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం ఉంటుంది. 'ఉంది' అని కాక 'ఉండేది' అని భూతకాలంలో రాసిన ఆ పెద్దమనిషి ఎవరో గానీ, ఈ పేర్ల స్వభావమంతా ఆ ఒక్క క్రియాపదంలో చెప్పారు.

యూయూఐడీకి ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకూడదు. డీడీ అనే కమాండుతో ఒక డిస్కును మరో డిస్కుకు అచ్చంగా నకలు తీస్తే యూయూఐడీ కూడా నకలవుతుంది. అప్పుడు రెండూ ఒకే యంత్రంలో ఉంటే, మౌంటు అయ్యేది అసలా నకలా అన్నది మళ్లీ వరుస చేతిలోకి వెళ్తుంది. ఎక్స్ఎఫ్ఎస్ అయితే రెండోదాన్ని మౌంటు చేయడానికి నిరాకరించి హెచ్చరిస్తుంది, ఈఎక్స్‌టీ4 అలా అడ్డుపడదు. నకలు తీసిన వెంటనే ట్యూన్2ఎఫ్ఎస్ తోనో, ఎక్స్ఎఫ్ఎస్-అడ్మిన్ తోనో కొత్త యూయూఐడీ ఇవ్వాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఎఫ్ ఐచ్ఛికంతో ఒకే సంఖ్యను రెండు చోట్ల చూపిస్తుంది గానీ, అవి ఒకటే అన్న హెచ్చరిక ఏదీ ఇవ్వదు. ఈ లోటును తీర్చడం రచయితలకు పెద్ద పని కాదనుకుంటాను.

ఇదే ప్యాకేజీలోని బీఎల్‌కేఐడీ అనే కమాండుతో దీన్ని పోల్చి చూడటం న్యాయం. బీఎల్‌కేఐడీ స్వయంగా డిస్కును చదివి ఫైల్‌సిస్టమ్ గుర్తులను వెతుకుతుంది, అందుకే దానికి రూటు అధికారం కావాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే మాత్రం కెర్నెల్ సిస్‌ఎఫ్ఎస్ అనే తన డైరెక్టరీలో పెట్టిన సమాచారాన్నీ, యుడెవ్ దగ్గరున్న నమోదులనూ చదివి చెబుతుంది. ఇది వేగంగా ఉండటానికీ, మామూలు వాడుకరికి కూడా జవాబివ్వడానికీ కారణం అదే. దాని పరిమితి కూడా అక్కడి నుంచే వస్తుంది. ఒక పార్టిషన్‌ను ఇప్పుడే ఫార్మాట్ చేసి వెంటనే కొడితే, యుడెవ్ ఇంకా నమోదు చేసుకోక పాత లేబుల్ కనిపించవచ్చు. స్క్రిప్టులో వాడేటప్పుడు మధ్యలో యుడెవ్ఎడిఎమ్ సెటిల్ అనే కమాండు పెట్టడం తప్పనిసరి. కళ్లతో చూసుకోవడానికి ఎల్‌ఎస్‌బీఎల్‌కే, సందేహం వచ్చినప్పుడు తీర్పుకు బీఎల్‌కేఐడీ అనేది నా పద్ధతి.

క్లౌడులో పనిచేసేవారికి పేర్ల సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. అమెజాన్ అద్దెకిచ్చే ఈసీ2 యంత్రానికి ఒక వాల్యూమును (క్లౌడు డిస్కును) జోడించేటప్పుడు పేరు అడిగితే /డెవ్/ఎస్‌డీఎఫ్ అని ఇస్తాం. నైట్రో అనే కొత్త రకం యంత్రంలోకి వెళ్లి ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొడితే అక్కడ ఉండేది ఎన్‌వీఎంఈ1ఎన్1. రెండో వాల్యూము, మూడో వాల్యూము జోడించాక ఏ అంకె ఏ వాల్యూముదో వరుసను బట్టి ఊహించకూడదు. ఇక్కడ సీరియల్ నిలువు వరుస ప్రాణదాత అవుతుంది, ఎందుకంటే ఈ వాల్యూములు తమ వాల్యూము గుర్తింపు సంఖ్యనే సీరియల్ నంబరుగా చూపిస్తాయి. కన్సోలులో ఉన్న సంఖ్యతో సరిపోల్చుకుంటే చాలు.

చవక యూఎస్‌బీ డాకుల విషయంలో మాత్రం సీరియల్‌ను గుడ్డిగా నమ్మవద్దు. చాలా డాకుల్లోని వంతెన చిప్పు డిస్కు సీరియల్‌ను దాటవేసి తన సొంతదాన్ని చూపిస్తుంది, ఒకే రకం డాకులు రెండు కొంటే రెండూ ఒకే సంఖ్య చెప్పడమూ ఉంది. ఇంకొన్ని డాకులు సెక్టారు పరిమాణాన్ని 512 బదులు 4096 బైట్లుగా చూపుతాయి. అందులో విభజించిన డిస్కును తీసి నేరుగా సాటా కేబులుకు తగిలిస్తే పార్టిషన్ పట్టికే అర్థం కాక, ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో కొమ్మలు లేని మోడు కనిపిస్తుంది. డిస్కు పాడైందని ఫార్మాట్ చేసే ముందు మళ్లీ అదే డాకులో పెట్టి చూడాలి.

ఇతర యునిక్స్ వ్యవస్థల వైపు ఒకసారి చూస్తే, ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఇంకా ఏం చేయవచ్చో తెలుస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీలో సిస్‌సీటీఎల్ కమాండును హెచ్‌డబ్ల్యూ.డిస్క్‌నేమ్స్ అని అడిగితే, ఎస్‌డీ0 అనే పేరు పక్కనే కోలన్ పెట్టి డిస్కు గుర్తింపు సంఖ్య అయిన పదహారు అంకెల డీయూఐడీని అదే పంక్తిలో ఇస్తుంది. వరుస పేరూ శాశ్వత గుర్తూ ఒకదాన్నొకటి విడిచి కనిపించవు. దాని ఇన్‌స్టాలరు కూడా ఎఫ్‌స్టాబ్‌ను మామూలుగా డీయూఐడీతోనే రాస్తుంది. ఆ వ్యవస్థలో పార్టిషన్లకు అంకెలు కాక అక్షరాలు ఉంటాయి: 'ఏ' రూటుకు, 'బీ' స్వాప్‌కు, 'సీ' మొత్తం డిస్కుకు. లినక్స్ అలవాటుతో సీ ని మూడో పార్టిషన్ అనుకుంటే డిస్కంతా చేతిలో పెట్టుకున్నట్టే. ఫ్రీబీఎస్‌డీలో సాటా డిస్కులు ఏడీఏ0, యూఎస్‌బీవి డీఏ0 కాబట్టి పేరులోనే మార్గం కొంత తెలిసిపోతుంది, జీపీటీ లేబుల్ పెడితే /డెవ్/జీపీటీ కింద మనం పెట్టిన పేరుతోనే పార్టిషన్ దొరుకుతుంది. సొలారిస్‌లో సీ0టీ0డీ0ఎస్0 అనే పేరు కంట్రోలరు, టార్గెటు, డిస్కు, స్లైసు అని చిరునామా మొత్తం విప్పి చెప్పేది. వీటన్నిటిలో నాకు నచ్చినది ఓపెన్‌బీఎస్‌డీ పద్ధతి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కూడా మేజర్-మైనర్ అంకెలను పక్కకు జరిపి ఆ చోటులో లేబులో, సీరియలో మామూలుగా చూపితే, కొత్తగా నేర్చుకునేవారు ఎన్నో తప్పుల నుంచి తప్పించుకుంటారు.

సరైన గుర్తు రాసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న డిస్కు బూట్ సమయంలో దొరకకపోతే, బూట్‌ను నడిపించే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి యంత్రాన్ని అత్యవసర స్థితిలో నిలిపేస్తుంది. తీసి పెట్టుకునే బ్యాకప్ డిస్కుకు నోఫెయిల్ అనే ఐచ్ఛికం రాస్తే ఆ ఇబ్బంది ఉండదు గానీ, అప్పుడు డిస్కు లేని రోజున బ్యాకప్ ఖాళీ డైరెక్టరీలోకి వెళ్లి రూటు పార్టిషన్‌ను నింపేస్తుంది. నకలు తీసే ముందు మౌంట్‌పాయింట్ అనే చిన్న కమాండుతో, ఆ డైరెక్టరీ మీద నిజంగా ఏదైనా మౌంటు అయిందా అని స్క్రిప్టు చేతనే అడిగించాలి. ఫైండ్ఎమ్ఎన్‌టీ అనే కమాండుకు వెరిఫై ఐచ్ఛికం ఇస్తే, ఎఫ్‌స్టాబ్‌లో రాసిన గుర్తులు నిజంగా ఉన్నాయో లేవో రీబూట్ చేయకముందే సరిచూస్తుంది. ఈ రెండూ కూడా యుటిల్-లినక్స్‌లోనివే.

సాధనంగా ఎల్‌ఎస్‌బీఎల్‌కేకు అయిదులో నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి పూర్తిగా దాని మామూలు నిలువు వరుసలకు సంబంధించినది. కమాండు పేరు ఒక్కటే తెలిసినవారికి అది సగం సంగతే చెబుతుంది, ఆ మిగతా సగమే డిస్కును కాపాడేది.

స్టూడియోలో ఇప్పుడు బ్యాకప్ పార్టిషన్ యూయూఐడీతో మౌంటు అవుతోంది, స్క్రిప్టు ముందుగా మౌంటును సరిచూసుకుంటోంది, డిలీట్ ఐచ్ఛికాన్ని తీసేశాను. బ్యాకప్ డిస్కులు రెండయ్యాయి, వారానికొకటి చొప్పున మారుతుంటాయి. ఒక్కో డిస్కుకు దాని ఫైల్‌సిస్టమ్ లేబుల్‌నూ, సీరియల్‌లో చివరి నాలుగు అంకెలనూ రాసిన తెల్ల చీటీ అంటించాను. మార్చే ముందు తమ్ముడు చీటీ చూసి, మారుపేరుగా పెట్టిన ఆ అయిదు నిలువు వరుసల కమాండు కొట్టి, తెర మీది అంకెలను పైకి చదువుతాడు. ఆ తర్వాతే డాకు మీటను నొక్కుతాడు.